లెక్కపెట్టని ఓటు, నింపని కుర్చీ

2024 జూన్ 26 ఉదయం 11 గంటలకు లోక్‌సభలో స్పీకర్ ఎన్నిక మొదలైంది. ప్రధాని నరేంద్ర మోదీ ఓం బిర్లా పేరు ప్రతిపాదించారు, రాజ్‌నాథ్ సింగ్ బలపరిచారు. ప్రతిపక్షం తరఫున ఉద్ధవ్ ఠాక్రే శివసేనకు చెందిన అరవింద్ సావంత్ కొడికున్నిల్ సురేశ్ పేరు ప్రతిపాదించారు, ఎన్.కె. ప్రేమచంద్రన్ బలపరిచారు. ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ భర్తృహరి మహతాబ్ మొదటి తీర్మానాన్ని మూజువాణి ఓటుకు పెట్టారు. ఒకవైపు నుంచి అవునని, ఇంకోవైపు నుంచి కాదని అరుపులు వినిపించాయి. తీర్మానం నెగ్గిందని ఆయన ప్రకటించారు. కాసేపటికే మోదీ, ప్రతిపక్ష నేత రాహుల్ గాంధీ, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి కిరణ్ రిజిజు ముగ్గురూ కలిసి బిర్లాను స్పీకర్ స్థానం దాకా తీసుకెళ్లారు.

ఆ ఎన్నికలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయంటే జవాబు లేదు. లెక్కపెట్టలేదు. బిర్లా గెలుస్తారని ముందే అందరికీ తెలుసు. ఎన్డీయేకు 293 మంది ఎంపీలున్నారు, ఆపైన వైసీపీ నలుగురూ ఆయనకే మద్దతు ప్రకటించారు. మరి ఓడిపోతామని తెలిసీ ప్రతిపక్షం ఎందుకు పోటీ పెట్టింది? పెట్టాక లెక్క దాకా ఎందుకు పోలేదు? ఈ ప్రశ్నలు పట్టుకుని వెనక్కి వెళితే, గొడవంతా 2019 నుంచి ఖాళీగా ఉన్న డిప్యూటీ స్పీకర్ పదవి చుట్టూ తిరిగిందని అర్థమవుతుంది.

ముందు ఆ ఎన్నికకు దారితీసిన రోజుల సంగతి. కొత్త లోక్‌సభ కొలువుదీరగానే ఎంపీల చేత ప్రమాణం చేయించడానికి, స్పీకర్ ఎన్నిక జరిపించడానికి తాత్కాలికంగా ఒక పెద్దమనిషిని రాష్ట్రపతి నియమిస్తారు. ఆయనే ప్రొటెం స్పీకర్. మామూలుగా సభలో ఎక్కువసార్లు గెలిచిన సభ్యుడికి ఆ బాధ్యత ఇస్తారు. కేరళలోని మావెలిక్కర నుంచి గెలిచిన కొడికున్నిల్ సురేశ్‌కు అది ఎనిమిదో గెలుపు. ఒడిశాలోని కటక్ నుంచి గెలిచిన మహతాబ్‌కు ఏడోది. మహతాబ్‌ను ఎంచుకోవడంతో ప్రతిపక్షం భగ్గుమంది. సురేశ్ మధ్యలో ఓడిపోయారు, మహతాబ్ వరసగా ఏడుసార్లు గెలిచారు అని ప్రభుత్వం సమర్థించుకుంది. ఇది రెండు రోజుల పనికి సంబంధించిన పదవే. కానీ ఆ తగాదాతోనే సభ మొదలైంది.

తర్వాత స్పీకర్ పదవికి ఏకాభిప్రాయం కోసం రాజ్‌నాథ్ సింగ్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఖర్గేతో మాట్లాడారు. బిర్లాకు మేం అడ్డు చెప్పం, డిప్యూటీ స్పీకర్ పదవి సంప్రదాయం ప్రకారం మాకివ్వండి అని ప్రతిపక్షం అడిగింది. ముందు స్పీకర్ ఎన్నిక షరతుల్లేకుండా పూర్తి చేద్దాం, డిప్యూటీ సంగతి సమయం వచ్చినప్పుడు చూద్దాం అని ప్రభుత్వం అంది. నామినేషన్ గడువు జూన్ 25 మధ్యాహ్నం 12 గంటలు. మాట కుదరలేదు. గడువు ముగియబోతుండగా సురేశ్ పేరుతో నోటీసు ఇచ్చారు. మమ్మల్ని అడగకుండా నిర్ణయించారని తృణమూల్ కాంగ్రెస్ మొదట అలిగింది కూడా.

ఇప్పుడు లెక్క విషయం. స్పీకర్ ఎన్నికకు బ్యాలెట్ పత్రాలేమీ ఉండవు. లోక్‌సభ నియమావళిలో 7వ నియమం ప్రకారం ప్రతి పేరూ ఒక తీర్మానంగా వస్తుంది. వచ్చిన వరసలోనే ఒక్కొక్కటిగా ఓటుకు పెడతారు. ఏదో ఒకటి నెగ్గగానే ఆ పేరు గలవారు స్పీకర్ అయిపోతారు, మిగతా తీర్మానాలను ఇక సభ ముందుకు తేరు. అంటే జూన్ 26న సురేశ్ పేరు అసలు ఓటుకే రాలేదు. సభ ఓటేసింది బిర్లా కావాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నమీదే.

ఆ ఓటు మొదట గొంతులతోనే జరుగుతుంది. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు చెవులతో విని ఫలితం చెబుతారు. అది సరికాదని ఎవరైనా సవాలు చేస్తే డివిజన్ జరపాలి, అంటే ఓట్లు లెక్కపెట్టి రికార్డు చేయాలి. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని అనిపిస్తే సభ్యులను తమతమ చోట్ల లేచి నిలబడమని చెప్పి తలలు లెక్కించే వీలు కూడా నియమాల్లో ఉంది. ఆ రోజు డివిజన్ కోసం మేం పట్టుబట్టలేదు, ఏకాభిప్రాయ స్ఫూర్తి కోసం వదిలేశాం అని కాంగ్రెస్ చెప్పింది. మా వైపు సభ్యులు డివిజన్ అడిగారు, అయినా జరపలేదు అని తృణమూల్ నేత అభిషేక్ బెనర్జీ చెప్పారు. ఒకే కూటమి నుంచి ఒకే రోజు రెండు కథనాలు. నా దృష్టిలో ఇక్కడ తప్పు రెండు వైపులా ఉంది. పోటీ పెట్టినవాళ్లు గట్టిగా లెక్క అడగాలి. ఒక్క సభ్యుడు అడిగినట్టు వినిపించినా అధ్యక్ష స్థానంలో ఉన్నవారు లెక్కపెట్టాలి. ఫలితం తెలిసిన ఓటు అయినా సరే, ఎవరు ఎటు నిలబడ్డారో రికార్డులో ఉండడం ఓటర్ల హక్కు అని నేను నమ్ముతాను.

ఎందుకంటే లెక్క ఉన్న చోట చరిత్ర ఎంత స్పష్టంగా మాట్లాడుతుందో చూడండి. స్వతంత్ర భారతంలో స్పీకర్ ఎన్నిక లెక్కింపు దాకా వెళ్లింది మూడుసార్లు. 1952లో జి.వి. మావలంకర్‌కు 394 ఓట్లు, శంకర్ శాంతారాం మోరేకు అనుకూలంగా 55. ఎమర్జెన్సీ నడుస్తున్న 1976 జనవరిలో బలిరాం భగత్‌కు 344, జగన్నాథరావు జోషీ వైపు 58. ఈ రెండింటి మధ్య 1967లో జరిగింది మన తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఎన్నిక. ఇద్దరు అభ్యర్థులూ తెలుగువాళ్లే. కాంగ్రెస్ తరఫున హిందూపురం నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. ఎదురుగా విశాఖపట్నం నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచిన తెన్నేటి విశ్వనాథం, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో పనిచేసినవారు. ఇవాళ విశాఖలో సముద్రం ఒడ్డున తెన్నేటి పార్కు ఉన్నది ఆయన పేరుమీదే. ఓట్లు 278, 207. అంత దగ్గరగా వచ్చిన ఓటు తర్వాత సంజీవరెడ్డి చేసిన పని ముఖ్యం. ఆయన కాంగ్రెస్ పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. తనకు ఓటేయని 207 మందికి కూడా తాను స్పీకర్‌నే అని చెప్పడానికి అంతకంటే స్పష్టమైన దారి లేదు.

ఇంకా వెనక్కి వెళితే, 1925లో కేంద్ర శాసనసభ అధ్యక్ష పదవికి విఠల్‌భాయ్ పటేల్, టి. రంగాచారి పోటీపడ్డారు. పటేల్ 58-56తో, రెండే ఓట్ల తేడాతో నెగ్గారు. నెగ్గగానే స్వరాజ్ పార్టీతో సంబంధం తెంచుకున్నారు. పార్టీ వదలడం అన్నది మనకు ఇంగ్లండ్ నుంచి ఊడిపడిన కొత్త వింత కాదని, వందేళ్ల కిందటే మనవాళ్లు చేసి చూపించారని గుర్తుచేయడానికే ఇది చెబుతున్నాను.

సరే, అంత పట్టుబట్టడానికి ఆ కుర్చీలో ఏముంది? ఎవరు మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో తేల్చేది స్పీకరే. ఏ బిల్లు మనీ బిల్లో, అంటే పన్నులు, ఖర్చుల బిల్లో నిర్ణయించేది ఆయనే. సభ్యులను సస్పెండ్ చేసే ప్రక్రియ మొదలయ్యేది ఆయన చేతులమీదుగానే. 2023 డిసెంబర్ శీతాకాల సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండ్ అయ్యారు, వారిలో 100 మంది లోక్‌సభవారు. అదే సమయంలో కీలకమైన నేర న్యాయ చట్టాలు మూడూ ఆమోదం పొందాయి. 2024 జూన్‌లో ప్రతిపక్షం అంత పట్టుదలగా ఉండడానికి ఆ డిసెంబర్ గాయం ఒక పెద్ద కారణం.

అన్నిటికంటే బరువైన అధికారం ఇంకొకటుంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది, అదే ఫిరాయింపుల నిరోధక చట్టం. పార్టీ మారిన సభ్యుడిపై అనర్హత వేటు వేయాలా వద్దా అని తేల్చే అధికారం స్పీకర్‌కే ఇచ్చారు. తేల్చడానికి గడువు మాత్రం రాయలేదు. ఈ ఒక్క ఖాళీలోంచి ఎంత జారిపోయిందో తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులయ్యారు. ఆ సభ గడువు ముగిసేదాకా అనర్హత తేలలేదు. 2019 తర్వాత తెలుగుదేశం ఎమ్మెల్యేలు నలుగురు వైసీపీ వైపు వెళ్లారు. వారితో పాటు, వైసీపీకి దూరమైన ఇంకో నలుగురి మీద కూడా వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల గుమ్మం ముందు. తెలంగాణలో 2014లో తెలుగుదేశం టికెట్‌పై సనత్‌నగర్ నుంచి గెలిచిన ఎమ్మెల్యే అదే ఏడాది టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విలీనం పేరుతో టీఆర్ఎస్‌లో కలిశారు. 2023 ఎన్నికల తర్వాత గాలి తిరగబడి 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారని ఫిర్యాదులొచ్చాయి. వారిలో ఒకరు ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ గుర్తుమీద సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. పార్టీల పేర్లు మార్చి చదివినా కథ మారదు. గోడ దూకినవాడిని తన గోడ లోపలికి వచ్చాడు కాబట్టి పలకరించకుండా వదిలేసే అలవాటు ఏ ఒక్క పార్టీదో కాదు.

ఈ ముడి సుప్రీంకోర్టుకు ఎప్పుడో తెలుసు. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు స్పీకర్ అధికారాన్ని సమర్థించారు. ఇద్దరు ఒప్పుకోలేదు. స్పీకర్ పదవే సభలోని మెజారిటీ మీద ఆధారపడి ఉంటుంది కదా, అలాంటివారు ఇలాంటి కేసుల్లో నిష్పాక్షిక న్యాయనిర్ణేత ఎలా అవుతారు అన్నది ఆ ఇద్దరి అనుమానం. 2020 జనవరిలో మణిపూర్ కేసులో కోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. మామూలు పరిస్థితుల్లో మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది. స్పీకర్ బదులు రిటైర్డ్ జడ్జి నాయకత్వంలో శాశ్వత ట్రిబ్యునల్ పెట్టే విషయం పార్లమెంట్ ఆలోచించాలని కూడా సూచించింది. 2025 జులై 31న తెలంగాణ కేసులో ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్ ధర్మాసనం ఆ 10 మంది విషయం మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించింది. ఈ బాధ్యతను స్పీకర్ల చేతిలోనే ఉంచడం సరైనదేనా అని పార్లమెంటే ఒకసారి ఆలోచించుకోవాలని మళ్లీ చెప్పింది. ముప్ఫై ఏళ్ల కిందటి మైనారిటీ తీర్పులోని అనుమానం నెమ్మదిగా కోర్టు గొంతుగా మారింది.

స్పీకర్ అనగానే అందరూ పార్టీ మనుషులే అనేయడం కూడా అన్యాయం. అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ పదవికి చేరిన తొలి దళితుడు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. బాలయోగి పార్టీ తెలుగుదేశం ఆ ప్రభుత్వానికే ఓటేసింది. కానీ స్పీకర్ మొదటి విడతలో ఓటేయరు, రెండు వైపులా సమానమైతేనే నిర్ణాయక ఓటు ఉంటుంది. మామూలు ఎంపీగా ఉండి ఉంటే ఆయన ఓటు లెక్కలోకి వచ్చేది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటేయొచ్చా అన్న ప్రశ్న కూడా ఆయన ముందుకు వచ్చింది. గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. తన పార్టీ కోరుకున్న ఫలితం కళ్లముందే చేజారుతున్నా బాలయోగి కుర్చీ మర్యాద దాటలేదు. 2008లో సోమనాథ్ చటర్జీ కూడా పార్టీ చెప్పినా స్పీకర్ పదవి వదలలేదు, సీపీఎం ఆయన్ను బహిష్కరించింది. ఇలాంటి మనుషులు దొరికినప్పుడు వ్యవస్థ నిలబడింది. దొరకనప్పుడు ఏమిటన్నదే సమస్య.

ఇక ఆ రెండో కుర్చీ. లోక్‌సభ వీలైనంత త్వరగా ఇద్దరిని, ఒక స్పీకర్‌ను, ఒక డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోవాలి అని రాజ్యాంగం 93వ అధికరణ చెబుతోంది. తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ తొలి డిప్యూటీ స్పీకర్, 1956లో మావలంకర్ మరణం తర్వాత ఆయనే స్పీకర్ అయ్యారు. 1977లో జనతా హయాంలో నంద్యాల నుంచి వచ్చిన సంజీవరెడ్డి స్పీకర్, విజయవాడ నుంచి కాంగ్రెస్ టికెట్‌పై గెలిచిన గోడే మురహరి డిప్యూటీ. 1990లో ప్రతిపక్ష కాంగ్రెస్‌కు చెందిన శివరాజ్ పాటిల్ నుంచి చూస్తే, పీవీ కాలంలో బీజేపీకి చెందిన మల్లికార్జునయ్య, యునైటెడ్ ఫ్రంట్ కాలంలో అదే పార్టీకి చెందిన సూరజ్ భాన్, వాజ్‌పేయి కాలంలో కాంగ్రెస్ నేత పి.ఎం. సయీద్, మన్మోహన్ కాలంలో అకాలీదళ్ నుంచి అత్వాల్, బీజేపీ నుంచి కరియా ముండా ఆ పదవిలో ఉన్నారు. 2014లో ఎన్డీయేలో లేని అన్నాడీఎంకే నేత తంబిదురైకి ఇచ్చారు. అంతకుముందు దశాబ్దాల్లో అధికార పక్షంవారు, వారి స్నేహపక్షాలవారు కూడా డిప్యూటీలుగా పనిచేశారు. కాబట్టి ప్రతిపక్షానికే ఇవ్వాలన్నది రాసిపెట్టిన నియమం కాదు, పాతికేళ్లకు పైగా నిలబెట్టుకున్న మంచి మర్యాద. ఎవరో ఒకరిని ఎన్నుకోవాలన్నది మాత్రం రాజ్యాంగం రాసిన మాట. 2019 నుంచి 2024 దాకా 17వ లోక్‌సభ అయిదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే గడిచిపోయింది, అలా జరగడం అదే మొదటిసారి. 2023లో సుప్రీంకోర్టు దీనిమీద కేంద్రానికి, ఇదే ఖాళీ ఉన్న అయిదు రాష్ట్రాలకు నోటీసులిచ్చింది. 18వ లోక్‌సభలో కూడా ఏడాది గడిచినా ఎన్నిక జరగలేదు.

2024లో మార్పు వస్తుందని ఆశ పుట్టడానికి కారణాలున్నాయి. పదేళ్ల తర్వాత ఒకే పార్టీకి సొంత మెజారిటీ లేదు, బీజేపీ 240 దగ్గర ఆగింది. తెలుగుదేశం 16 మంది, జేడీయూ 12 మంది మీద ప్రభుత్వం ఆధారపడింది. పదేళ్ల తర్వాత లోక్‌సభలో గుర్తింపు ఉన్న ప్రతిపక్ష నేత కూడా వచ్చారు. స్పీకర్ పదవి మిత్రపక్షం అడుగుతుందా అని హైదరాబాద్, విజయవాడ చానళ్లలో రోజుల తరబడి చర్చ నడిచింది. చివరికి తెలుగుదేశం బీజేపీ అభ్యర్థికే మద్దతిచ్చింది. ఎన్నికైన రోజే బిర్లా ఎమర్జెన్సీని ఖండిస్తూ తీర్మానం చదివారు, ప్రతిపక్షం నినాదాలతో సభ దద్దరిల్లింది. ముగ్గురు కలిసి నడిచిన ఆ దృశ్యం ఒక్క పూట కూడా నిలవలేదు. అలాగని ఏమీ మారలేదనలేం. ఆ ఆగస్టులో వక్ఫ్ బిల్లు, డిసెంబర్‌లో జమిలి ఎన్నికల బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘాలకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో బిల్లులను కమిటీలకు పంపడమే అరుదైపోయిన తర్వాత ఇది చిన్న ఊరటే.

నిజమైన సంస్కరణ ఏది తేలిక, ఏది కష్టం అన్నది విడదీసి చూడాలి. ఇంగ్లండ్‌లో స్పీకర్‌ను 2009 నుంచి రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటున్నారు, ఎన్నికైనవారు పార్టీ వదిలేస్తారు, తర్వాతి ఎన్నికలో పెద్ద పార్టీలు సాధారణంగా వారిమీద పోటీ పెట్టవు. మన దగ్గర రహస్య బ్యాలెట్ అంటే విప్, అంటే ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం పనిచేయదు, ఏ పార్టీ నాయకత్వమూ దానికి సులువుగా ఒప్పుకోదు. ఫిరాయింపుల ట్రిబ్యునల్‌కు రాజ్యాంగ సవరణ కావాలి, మూడింట రెండొంతుల మంది కలవాలి. పార్టీ వదలడానికి మాత్రం చట్టం మార్చనక్కర్లేదు. స్పీకర్‌గా ఎన్నికైనవారు పార్టీకి రాజీనామా చేస్తే అనర్హత వర్తించదని, పదవి దిగాక మళ్లీ చేరొచ్చని పదో షెడ్యూల్ అయిదో పేరాలోనే ఉంది. సంజీవరెడ్డి ఏ రక్షణా లేని రోజుల్లో చేసిన పనికి ఇప్పుడు చట్టం గొడుగు పట్టింది. ఆ గొడుగు కిందికి వచ్చేవాళ్లే లేరు.

డిప్యూటీ ఎన్నికకు గడువు పెట్టడం అన్నిటికంటే తేలిక. స్పీకర్ ఎన్నిక తేదీని రాష్ట్రపతి నిర్ణయిస్తారు. డిప్యూటీ ఎన్నిక తేదీని లోక్‌సభ నియమావళి 8వ నియమం ప్రకారం స్పీకరే నిర్ణయిస్తారు. ఆ నియమంలో అరవై రోజులనో, తొలి రెండు సమావేశాల్లోపనో ఒక మాట చేరిస్తే చాలు. నియమావళి సభ సొంతంగా రాసుకునేది, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ప్యానెల్ చైర్‌పర్సన్లు సభ నడిపిస్తున్నారు కదా, నష్టమేంటి అని కొందరంటారు. ప్యానెల్‌వారిని స్పీకర్ నియమిస్తారు. డిప్యూటీని సభ ఎన్నుకుంటుంది, ఆయన స్పీకర్ కింద ఉద్యోగి కాదు.

ఆ తేడా ఎప్పుడు తెలుస్తుందో రాజ్యసభ చూపించింది. 2025 జులై 21 రాత్రి ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ ఉన్నట్టుండి రాజీనామా చేశారు. రాజ్యసభ చైర్మన్ స్థానం ఖాళీ అయింది. మర్నాడు ఉదయం డిప్యూటీ చైర్మన్ హరివంశ్ వచ్చి కూర్చున్నారు. లోక్‌సభ స్పీకర్ రాజీనామా చేయాలంటే లేఖ ఎవరికివ్వాలో 94వ అధికరణ చెబుతోంది. డిప్యూటీ స్పీకర్‌కు ఇవ్వాలి. 17వ లోక్‌సభ ఉన్న అయిదేళ్లలో ఒక్క రోజు కూడా ఆ లేఖ అందుకోవాల్సిన మనిషి సభలో లేరు.